కెల్ట్ తెగల పటంలో రోము గీసిన గీతలు

రోమన్ల రాకకు ముందు నాటి పశ్చిమ ఐరోపా అంటూ చరిత్ర పుస్తకాల్లో అచ్చయ్యే పటాలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. నేటి ఫ్రాన్స్, బెల్జియం, స్విట్జర్లాండ్, బ్రిటన్ నేలలు రంగురంగుల ముక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. ఒక్కో ముక్క మీద ఏడుయి, అర్వెర్ని, సెక్వాని, పారిసి, ఐసెని అంటూ ఒక్కో కెల్ట్ తెగ పేరు రాసి ఉంటుంది. ముక్కకూ ముక్కకూ నడుమ జిల్లాల హద్దుల్లాంటి గీత ఎక్కడా తెగకుండా సాగుతుంది. ఆ పటాన్ని చూసినవారు ఇవన్నీ తరతరాలుగా స్థిరపడిన చిన్న చిన్న దేశాలనీ, రోము వచ్చి వాటిని ఒక్కొక్కటిగా మింగేసిందనీ అనుకోవడం సహజమే. అయితే ఆ గీతల్లో చాలావాటిని ఆ తెగలు గీసుకోలేదు. తెగలను జయించిన తరువాత, పన్ను వసూలుకూ న్యాయవిచారణకూ ఎవరు ఎవరికి జవాబుదారీయో తేల్చుకోవలసి వచ్చి, రోమన్ అధికారులు వాటిని స్థిరపరిచారు. ఆ గీతలను మనం వెనక్కి జరిపి, రోముకు ముందు కాలం మీద పరిచి చూస్తున్నాం.

ఈ తికమకకు మూలం మన ఆధారాల స్వభావంలోనే ఉంది. మతపరమైన విద్యను రాతలో పెట్టడం డ్రూయిడ్ పూజారులకు సమ్మతం కాదని రోమన్ సేనాపతి సీజర్ చెప్పాడు. లెక్కలకూ ఒప్పందాలకూ గాల్ (నేటి ఫ్రాన్స్, బెల్జియం, వాటి పరిసరాలు) ప్రజలు గ్రీకు లిపి వాడేవారు గానీ, తమ గురించి తాము రాసుకున్న చరిత్ర ఏదీ మనకు మిగలలేదు. మిగిలినవి బయటివారి మాటలే. క్రీ.పూ. 58 నుంచి 50 వరకు గాల్‌లో యుద్ధం చేసిన సీజర్ రాసుకున్న వృత్తాంతం ఒకటి, తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలపు పాలనను ఎరిగిన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రచన మరొకటి, క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ ఇచ్చిన జాబితాలు, రెండో శతాబ్దం నడుమ అలెగ్జాండ్రియాలో టాలెమీ కూర్చిన భూగోళం మిగతావి. వీటికి నాణేలు, శాసనాలు, తవ్వకాలు తోడవుతాయి. సీజర్‌కూ టాలెమీకీ మధ్య రెండు వందల ఏళ్ల దూరం ఉంది. పటం గీసేవారు మాత్రం ఇద్దరి పేర్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కనే పెడతారు.

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. మనం తెగ అని అనువదించుకునే చోట సీజర్ ఎక్కువగా వాడిన లాటిన్ మాట 'కివిటాస్'. దానికి పౌరసమాజమని అర్థం. రోమన్లు తమ సొంత రాజ్యవ్యవస్థకు కూడా వాడుకునే మాట అది. ఒక కివిటాస్‌లో 'పాగుస్' అనే ఉపవిభాగాలు ఉండేవి. హెల్వేటి ప్రజలకు అలాంటివి నాలుగు ఉన్నాయని సీజర్ లెక్క చెప్పాడు. తెగ అనగానే తెలుగులో అడవి, ఆదిమ జీవనం తలపుకొస్తాయి గనుక, పెద్దల సభ, ఏటేటా ఎన్నికయ్యే పాలకుడు, సొంత నాణెం, సుంకాల వేలంపాట ఉన్న ఈ సమాజాలకు ఆ మాట సరిగ్గా నప్పదు. జనం పేరే నేల పేరుగా మారిన మన ప్రాచీన 'జనపదం' దీనికి దగ్గరగా ఉంటుంది. అయినా వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి తెగ అన్న మాటనే ఈ వ్యాసంలోనూ వాడుతున్నాను; దాని వెనుక జనపదాన్ని ఊహించుకోవాలని మనవి.

రోముకు ముందు ఒక తెగకు నేల మీద ఉన్న పట్టు ఎలాంటిదో చూడడానికి ఏడుయిలను మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే వారి గురించి సీజర్ అందరికంటే ఎక్కువ చెప్పాడు. నేటి బర్గండీ ప్రాంతంలో, లువార్ నదికీ సోన్ నదికీ మధ్య వారి నేల ఉండేది. బోవ్రే కొండ మీద బిబ్రాక్ట్ అనే కోట పట్టణం వారి కేంద్రం. దాని వెలుపలి ప్రాకారం సుమారు 200 హెక్టార్ల స్థలాన్ని చుట్టుముట్టింది. వారికి రాజు లేడు. 'వెర్గొబ్రెట్' అనే పాలకుణ్ణి ఏడాదికొకసారి ఎన్నుకొనేవారు. అతనికి ప్రాణం తీసే అధికారం కూడా ఉండేది గానీ, పదవిలో ఉన్నంతకాలం తెగ హద్దులు దాటి బయటకు వెళ్లరాదని చట్టం ఉండేది. క్రీ.పూ. 52లో ఆ పదవి కోసం కోటుస్, కొన్విక్టోలిటావిస్ అనే ఇద్దరు పోటీపడి తెగ రెండుగా చీలినప్పుడు, వారిని తన వద్దకు రప్పించుకుంటే ఆ చట్టం తప్పినట్టవుతుందని సీజరే స్వయంగా డెకెటియా అనే వారి పట్టణానికి వెళ్లి తగవు తీర్చాడు. కాబట్టి హద్దులు అసలే లేవనడం కూడా పొరపాటే. పాలకుడు దాటకూడని గీత ఒకటి ఉంటే, అది ఎక్కడుందో జనానికి తెలిసే ఉండాలి.

భాష కూడా ఇదే మాట చెబుతోంది. గాల్ ప్రజల భాషలో 'రండా' అంటే పొలిమేర. ఇకొరండా లేదా ఎక్వొరండా అనే పాత రూపం నుంచి వచ్చిన ఇంగ్రాండ్, ఎగురాండ్ వంటి ఊరిపేర్లు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి. వాటిలో చాలా ఊళ్లు రెండు పాత తెగల నేలలు కలిసే చోటనే పడతాయి. రోమన్ దారుల మీద 'ఫీనెస్', అంటే ఎల్లలు, అనే మజిలీలు కూడా అలాంటి చోట్లే ఉండేవి. అంటే జనం రాకపోకలు సాగించే దారి మీద, నదిరేవు దగ్గర పొలిమేర కచ్చితంగా తెలుసు; అడవుల్లో, కొండల్లో దాన్ని అంత కచ్చితంగా గీయవలసిన అవసరం ఎవరికీ రాలేదు. పటంలోని తెగని గీతకూ, దారి పక్కన నాలుగైదు చోట్ల తెలిసిన పొలిమేరకూ చాలా తేడా ఉంది.

అసలు చిక్కు హద్దుల దగ్గర కాదు, ఆధిపత్యం దగ్గర ఉంది. ఒక తెగ గొప్పదనాన్ని నేల విస్తీర్ణంతో కాక, దాని వెంట నడిచే చిన్న తెగల సంఖ్యతో లెక్కించేవారు. క్రీ.పూ. 52లో అలేసియాలో సీజర్ ముట్టడికి గురైన గాల్ తిరుగుబాటు నాయకుడు, అర్వెర్ని తెగవాడు వెర్సింజెటోరిక్స్‌ను విడిపించడానికి ఏ తెగ ఎంతమందిని పంపాలో గాల్ పెద్దలు నిర్ణయించిన జాబితాను సీజర్ భద్రపరిచాడు. అందులో ఏడుయిలకూ, వారి ఆశ్రితులైన సెగుసియావి తదితరులకూ కలిపి 35,000 మంది. అర్వెర్నిలకూ, 'వారి ఏలుబడిలో ఉండడం అలవాటైన' కడుర్కి, గబాలి, వెల్లావి తదితరులకూ కలిపి మరో 35,000 మంది. ఈ చిన్న తెగలకు సొంత పేరు ఉంది, సొంత నేల ఉంది. అయినా సైన్యం లెక్కలో వారు పెద్ద తెగలో భాగమే. పటం గీసేవారు వారిని విడి ముక్కగా చూపాలా, పెద్ద ముక్కలో కలిపేయాలా? దేన్ని ఎంచుకున్నా సగం నిజమే అవుతుంది.

పైగా ఈ ఆశ్రయ సంబంధాలు మారిపోతుండేవి. సోన్ నది మీద సుంకం వసూలు చేసే హక్కు తమదంటే తమదని ఏడుయిలు, నదికి అవతలి సెక్వానిలు కొట్టుకున్నారని స్ట్రాబో చెప్పాడు. ఆ పోరులో సెక్వానిలు రైన్ నది అవతలినుంచి జర్మను నాయకుడు అరియోవిస్టస్‌ను పిలిపించుకుని ఏడుయిలను ఓడించి, వారి ఆశ్రితుల్లో చాలామందిని తమవైపు లాక్కున్నారు. రోమన్ సెనేట్ ఏడుయిలను 'సోదరులు, రక్తబంధువులు' అని పిలిచినా ఆ సమయంలో సాయం చేయలేదు. సాయం కోరుతూ డివికియాకుస్ అనే ఏడుయి నాయకుడు రోముకు వెళ్లి రిక్తహస్తాలతో తిరిగివచ్చాడు. రోమన్ వక్త, రచయిత సిసెరో అక్కడ అతణ్ణి కలిశాడు, అతడు డ్రూయిడ్ అని రాశాడు. పేరు తెలిసిన డ్రూయిడ్‌ను స్వయంగా కలిసిన రోమన్ రచయిత మాట మనకు దక్కడం అరుదు. తరువాత సీజర్ వచ్చి అరియోవిస్టస్‌ను తరిమేయగానే ఆశ్రితులు మళ్లీ ఏడుయిల చెంత చేరారు. సెక్వానిలతో మెలగిన మరికొందరు, ఏడుయిలతో పొసగనివారు, ఉత్తరాన ఉన్న రెమిల నీడకు వెళ్లారు. పదేళ్ల లోపలే పటం మూడుసార్లు మారింది.

తెగ తన నేలను విడిచి కదలగలదన్నది మరో చిక్కు. హెల్వేటిలు క్రీ.పూ. 58లో తమ పన్నెండు కోట పట్టణాలను, సుమారు 400 గ్రామాలను తామే తగలబెట్టుకుని పడమటి తీరం వైపు బయలుదేరారు. వారి శిబిరంలో గ్రీకు లిపిలో రాసిన జనాభా పలకలు దొరికాయని, బయలుదేరినవారు మిత్రులతో కలిపి 3,68,000 మంది అని, యుద్ధం తరువాత ఇంటికి తిరిగినవారు 1,10,000 మంది అని సీజర్ లెక్క ఇచ్చాడు. ఓడించినవాడు తన గెలుపును పెంచి చెప్పుకునే అంకెలివి, యథాతథంగా నమ్మనక్కర్లేదు. గమనించవలసింది, ఓడిన తెగను సీజర్ ఏం చేశాడన్నది. బానిసలుగా అమ్మేయకుండా, కాల్చుకున్న ఊళ్లనే మళ్లీ కట్టుకొమ్మని వెనక్కి పంపాడు. ఆ నేల ఖాళీగా ఉంటే రైన్ అవతలి జర్మనులు వచ్చి కూర్చుంటారని అతని భయం. వారితో వచ్చిన బోయిలను మాత్రం, ఏడుయిలు అడిగినందున, ఏడుయి నేలలోనే ఉండనిచ్చాడు. ఫలానా జనం ఫలానా చోటే ఉండాలి అనే రోమన్ విధానానికి గాల్‌లో తొలి ఆనవాళ్లు ఇక్కడే కనిపిస్తాయి.

ఆ బోయిల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఉత్తర ఇటలీలో బొలోన్యా పరిసరాలు ఒకప్పుడు బోయిలవే. మధ్య ఐరోపాలోని బొహీమియాకు ఆ పేరు వచ్చిందీ బోయిల వల్లనే. సెనోన్స్ అనే పేరు నేటి ఫ్రాన్స్‌లోని సాన్స్ పట్టణంలోనూ, ఇటలీ అడ్రియాటిక్ తీరంలోని సెనిగాలియాలోనూ ఉంది. దక్షిణ గాల్‌లో తులూజ్ చుట్టూ ఉన్న టెక్టోసాగ్స్ పేరు వేల మైళ్ల దూరాన నేటి టర్కీలోని అంకారాలో వినిపిస్తుంది. క్రీ.పూ. మూడో శతాబ్దం తొలినాళ్లలో బాల్కన్ల మీదుగా ఆసియా మైనరుకు (నేటి టర్కీకి) దాటిన గలాటులు మూడు తెగలు, వాటిలో టెక్టోసాగ్స్ ఒకటి. ఒక్కోదానికి నాలుగు విభాగాలు, మొత్తం పన్నెండుమంది నాయకులు, డ్రునెమెటన్ అనే చోట సమావేశమయ్యే 300 మంది సభ ఉండేదని స్ట్రాబో వివరించాడు. ఒకే పేరు ఉన్నంతమాత్రాన ఒకే వంశం అనుకోనవసరం లేదు. పేరు, దాని ప్రతిష్ఠ, ఒక యుద్ధబృందం కలిసి వలస వెళితే చాలు; వెళ్లిన చోట చుట్టుపక్కలవారు ఆ పేరు కిందకు చేరేవారు.

ఇక్కడొక పక్కమాట. కెల్ట్ అనే పేరును ఇవాళ మనం బ్రిటన్, ఐర్లాండ్ ప్రజలకు ధారాళంగా వాడతాం గానీ, ప్రాచీన రచయితలెవరూ వారిని కెల్టులనలేదు. సీజర్ దృష్టిలో గాల్ నడిమి భాగంలో గరోన్ నదికీ, సెయిన్–మార్న్ నదులకూ మధ్య ఉన్నవారే తమను తాము కెల్టులని పిలుచుకునేవారు. దక్షిణాన అక్విటానిలు, ఉత్తరాన బెల్గేలు వేరు. బ్రిటన్ భాషలకూ గాల్ భాషకూ చుట్టరికం ఉందని పదహారు, పద్దెనిమిదో శతాబ్దాల పండితులు గుర్తించిన తరువాతే ఈ పేరు సముద్రం దాటింది. కాబట్టి 'కెల్ట్ తెగలు' అనడం భాషాపరంగా సరైనదే. వారికి మనమంతా ఒకటి అన్న భావన ఉండేదనడానికి మాత్రం అది ఆధారం కాదు.

యుద్ధం కొన్ని పేర్లను చెరిపేసింది, కొన్నింటిని చెరపలేకపోయింది. క్రీ.పూ. 57లో ఉత్తరాన నెర్వీలను ఓడించాక వారి 600 మంది సభాసదుల్లో ముగ్గురు, 60,000 మంది యోధుల్లో 500 మంది మాత్రమే మిగిలారని సీజర్ రాశాడు. మూడేళ్లు తిరిగేసరికి ఆ నెర్వీలే ఒక రోమన్ శిబిరాన్ని ముట్టడించారు, అలేసియా జాబితాలో వారి వంతు 5,000 మంది. తరువాత వారు బవే కేంద్రంగా ఒక రోమన్ పాలనా విభాగమై కొనసాగారు. ఎబురోన్స్ అనే తెగ మాత్రం మిగలలేదు. మ్యూజ్, రైన్ నదుల మధ్య ఉన్న వారి నాయకుడు అంబియోరిక్స్ క్రీ.పూ. 54 శీతాకాలంలో పదిహేను రోమన్ దళాలను తుడిచిపెట్టగా, మరుసటేడు సీజర్ వారి నేలను దోచుకొమ్మని చుట్టుపక్కల తెగలన్నింటినీ ఆహ్వానించాడు. రోమన్ కాలపు జాబితాల్లో ఎబురోన్స్ పేరు లేదు. ఆ ప్రాంతం టుంగ్రీలది, వారి పట్టణమే నేటి బెల్జియంలోని టోంగెరెన్. ప్రాణాలు దక్కినవారంతా కొత్త పేరు కింద కలిసిపోయి ఉండాలి. ఒక పేరు అంతరించింది అంటే జనమంతా అంతరించారని అర్థం చేసుకోకూడదు. ఆ పేరుతో పన్ను కట్టేవారు, దూతలను పంపేవారు లేకుండా పోయారని మాత్రమే అర్థం.

పటాన్ని గట్టిపరచిన పని ఆగస్టస్ కాలంలో జరిగింది. అప్పటికే రోమన్ ప్రాంతంగా ఉన్న దక్షిణ తీరం నార్బొనెన్సిస్‌ను విడిగా ఉంచి, మిగిలిన గాల్‌ను అక్విటానియా, లుగ్డునెన్సిస్, బెల్గికా అనే మూడు ప్రాంతాలుగా చేశారు. పేర్లు సీజర్ చెప్పిన మూడు జాతులను గుర్తుచేసినా గీతలు వేరు. అక్విటానియా మరీ చిన్నదవుతుందని, గరోన్‌కూ లువార్‌కూ మధ్య ఉన్న పద్నాలుగు తెగలను దానికి కలిపారని స్ట్రాబో చెప్పాడు. అలా అర్వెర్నిలు రాత్రికి రాత్రే అక్విటానియా వాసులయ్యారు. క్రీ.పూ. 12లో లియాన్ వద్ద రెండు నదుల సంగమంలో రోము దేవతకూ ఆగస్టస్‌కూ ఒక బలిపీఠం ప్రతిష్ఠించి, దాని మీద అరవై తెగల పేర్లు చెక్కించారు. ఏటా ప్రతి తెగ నుంచి ప్రతినిధులు అక్కడకు వచ్చేవారు. తొలి ప్రధాన పూజారి గయుస్ జూలియుస్ వెర్కొండరిడుబ్నుస్ ఏడుయి తెగవాడు. సీజర్ వంశనామం ముందు, పలకడానికి కష్టమైన గాల్ పేరు వెనుక ఉన్న అతని పేరే ఆ కాలానికి నిలువుటద్దం.

ఆ అరవై పేర్ల జాబితానే నాకు ఈ కథకు కీలకంగా తోస్తుంది. రాయి మీద చెక్కేటప్పుడు ఆశ్రితుడు, అలవాటుగా లోబడినవాడు అనే మధ్యస్థ స్థితులకు చోటు ఉండదు. పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒకప్పుడు అర్వెర్నిల హద్దుల్లో లెక్కించిన వెల్లావిలను ఇప్పుడు స్వతంత్రులుగా పరిగణిస్తున్నారని స్ట్రాబో ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోయాడు. గబాలి, కడుర్కిలు కూడా విడి విభాగాలయ్యారు. ఏడుయిల పెద్ద ఆశ్రితులైన సెగుసియావిలకు ఫోర్ పట్టణం కేంద్రమైంది. పెద్ద తెగల చుట్టూ అల్లుకున్న ఆశ్రయ వలయాలను ఈ విధంగా కత్తిరించేశాక గాల్‌లో ఇంకో వెర్సింజెటోరిక్స్ తలెత్తడం కష్టం. అది ఉద్దేశపూర్వకంగా చేసిందా, పాలనా సౌలభ్యం కోసం చేసిందా అని వాదించుకోవచ్చు. ఫలితం మాత్రం ఒకటే.

కేంద్రాలను కూడా కొండ మీదినుంచి కిందికి దించారు. ఏడుయిలు బిబ్రాక్ట్‌ను వదిలి, పాతిక కిలోమీటర్ల దూరంలోని మైదానంలో ఆగస్టస్ పేరిట వెలసిన ఆగస్టోడూనుమ్‌కు, అంటే నేటి ఓటన్‌కు తరలారు. అర్వెర్నిలు గెర్గోవియా కొండను వదిలి నేటి క్లెర్మాన్ ఉన్న చోటుకు చేరారు. కొత్త పట్టణంలో చౌకు, సభాభవనం, స్నానశాలలు వచ్చాయి. నాయకుల పిల్లలకు లాటిన్ చదువు మొదలైంది. క్రీ.శ. 21లో ఏడుయి నాయకుడు సాక్రోవిర్ తిరుగుబాటు చేసినప్పుడు మొదట ఆగస్టోడూనుమ్‌ను ఆక్రమించి, అక్కడ చదువుకుంటున్న గాల్ ప్రముఖుల బిడ్డలను చేజిక్కించుకున్నాడు. ఆ చదువుల మీద పెద్దకుటుంబాలు ఎంతగా ఆధారపడ్డాయో దీన్నిబట్టే తెలుస్తుంది. క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి గాల్ నాయకులకు సెనేట్ తలుపు తెరిచినప్పుడు, మొదటి అవకాశం పాత 'సోదరులు' ఏడుయిలకే దక్కింది.

బ్రిటన్‌లో ఇదే పని నూరేళ్లు ఆలస్యంగా, ఇంకా స్పష్టమైన చేతిగుర్తులతో జరిగింది. క్రీ.పూ. 54లో సీజర్ దిగినప్పుడు ఒక్క కెంట్‌లోనే నలుగురు రాజులున్నారు. థేమ్స్ దాటాక కెనిమాగ్ని, సెగోంటియాకి, అంకాలిటెస్, బిబ్రోకి, కస్సి అనే అయిదు తెగలు అతనికి లొంగాయి. కెనిమాగ్నిలు బహుశా తరువాతి ఐసెనిలు కావచ్చు. మిగిలిన నాలుగు పేర్లూ ఆ తరువాత ఇంకెక్కడా కనిపించవు. రెండు శతాబ్దాల తరువాతి టాలెమీ జాబితాలో కెంట్ అంతా కాంటీల ఒకే ముక్క. ఈ మధ్యకాలంలో నాణేలు ముద్రించిన రాజులు చిన్న తెగలను మింగి పెద్ద రాజ్యాలు కట్టారు. గాల్‌లోని అట్రెబాటిలకు సీజర్ రాజుగా నియమించిన కొమ్మియుస్, తరువాత అతనికే ఎదురుతిరిగి బ్రిటన్‌కు పారిపోగా, థేమ్స్‌కు దక్షిణాన కొమ్మియోస్ అనే పేరుతో నాణేలు వెలువడ్డాయి. ఆ వంశపు నాణేల మీద కల్లేవా అనే సిల్చెస్టర్ పట్టణం పేరు కూడా ఉంది. వెరికా అనే వారి రాజు రోముకు పారిపోయి మొరపెట్టుకోవడమే క్రీ.శ. 43లో క్లాడియస్ దండయాత్రకు సాకైంది. గమనిస్తే ఆ నాణేల మీద ఉన్నవి రాజుల పేర్లు, పట్టణాల పేర్లే. తెగ పేరు చాలా అరుదు. అయినా నాణేలు దొరికిన మేరను బట్టి తెగల హద్దులు గీయడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది.

దక్షిణ తీరాన టోగిడుబ్నుస్ అనే సామంత రాజుకు రోమన్లు కొన్ని కివిటాస్‌లను అప్పగించారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెప్పాడు. అతని తరువాత ఆ రాజ్యాన్ని విడగొట్టగా సిల్చెస్టర్ కేంద్రంగా అట్రెబాటిలు, చిచెస్టర్ కేంద్రంగా రెగినీలు, వించెస్టర్ కేంద్రంగా 'బెల్గేలు' ఏర్పడ్డారని పండితుల్లో చాలామంది అభిప్రాయం. బెల్గే అన్నది ఉత్తర గాల్‌లోని ఎన్నో తెగలకు కలిపి వాడిన సముదాయ నామం; దాన్ని ఒక జిల్లా పేరుగా పెట్టడం, ఆ జిల్లాకు సొంత పేరు లేనందువల్లేనని అనుమానించక తప్పదు. టాలెమీ వారికి ఇచ్చిన నేల వించెస్టర్ నుంచి బాత్ వేడినీటి బుగ్గల దాకా దేశాన్ని అడ్డంగా చుట్టింది. బౌడికా నాయకత్వంలో క్రీ.శ. 60–61లో తిరగబడి ఓడిన ఐసెనిలకు వెంటా అనే చిన్న పట్టణం మిగిలింది. దక్షిణ వేల్స్‌లో సిలుర్ తెగ కేంద్రమైన వెంటా సిలురుమ్ అనే నేటి కేర్వెంట్‌లో పరిస్థితి ఇంకా ఆలోచింపజేస్తుంది. దాదాపు ముప్పై ఏళ్లు కొండల్లో పోరాడి రోమన్ సేనాపతులను విసిగించిన సిలుర్లే, మూడో శతాబ్దం తొలినాళ్లలో ఒక రోమన్ అధికారికి విగ్రహం నిలిపి, 'సభ తీర్మానం మేరకు సిలుర్ల కివిటాస్' అని పీఠం మీద చెక్కించుకున్నారు.

కొత్త పేర్లు పుట్టడం అక్కడితో ఆగలేదు. ఉత్తరాన బ్రిగాంటుల విశాల నేలలో ఒక మూలను విడదీసి కార్వెటీ అనే విభాగం చేశారు. టాలెమీ ఎరగని ఈ పేరు మూడో శతాబ్దపు రాళ్ల వల్లనే మనకు తెలిసింది, వాటిలో ఒకటి ఆ సభలో సభ్యుడిగా పనిచేసిన వ్యక్తి సమాధిరాయి. ఉత్తర బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడలో పని వంతుల్ని సూచించే రాళ్ల మీద, దక్షిణ బ్రిటన్ తెగ అయిన డురోట్రిగుల పేరు పక్కన లెండినియెన్సిస్ అనే విశేషణం కనిపించడంతో, ఆ తెగ కూడా ఒక దశలో రెండు విభాగాలైందని తేలింది. మధ్య ఇంగ్లాండులోని ఒక తెగను పండితులు తరాల తరబడి కొరిటానీలు అని రాస్తూ వచ్చారు. ఒక పెంకు మీద గీరిన రాతను 1983లో సరిగా చదివాక ఆ పేరు కొరియెల్టావి అని దిద్దుకోవలసి వచ్చింది. పాత పుస్తకం చేతికొస్తే ఆ పేరు కోసం వెతకండి, అది ఏ కాలపు పటమో తేలికగా తెలిసిపోతుంది.

రోమన్ పాలన ముదిరేకొద్దీ తెగ పేరు మాసిపోయి పట్టణం పేరు నిలవాలి. గాల్‌లో జరిగింది దానికి విరుద్ధం. మూడు, నాలుగో శతాబ్దాల్లో లుటెటియా అనే పేరు వాడుక తప్పి పారిసిల పట్టణం పారిస్ అయింది. అదే వరసలో డురొకొర్టొరుమ్ రెమిల పేర రాన్స్ అయింది, అవారికుమ్ బిటురిగెస్ పేర బూర్జ్ అయింది, లిమోనుమ్ పిక్టోనుల పేర పుయాటియే అయింది, ఔట్రికుమ్ కార్నూటుల పేర షార్ట్ర్ అయింది, సమరొబ్రివా అంబియానుల పేర అమియాన్ అయింది. మూడు గాల్ ప్రాంతాల్లో చట్టం దృష్టిలో ఉన్నది తెగ కివిటాసే. పట్టణం దానికి కేంద్రం మాత్రమే. అందుకే పన్ను పత్రం మీదా, దారి సూచిక మీదా తెగ పేరే పడేది. దక్షిణాన నార్బొనెన్సిస్‌లో పట్టణాలకే కాలనీ హోదా, లాటిన్ హక్కులు ఉండడం వల్ల నీమ్, నార్బొన్ తమ ఊరిపేర్లనే నిలుపుకున్నాయి. బ్రిటన్‌లో ఆంగ్లో-శాక్సన్ల రాకతో ఈ పరిణామం తెగిపోయి కెంట్, డెవన్ వంటి కొన్ని ప్రాంతనామాలే మిగిలాయి. డెవన్ అన్నది డుమ్నోనీల పేరు నుంచి వచ్చింది.

క్రైస్తవ సంఘం గాల్‌లో బిషప్పులను కివిటాస్‌కు ఒకరి చొప్పున నియమించడంతో ఆ గీతలకు మరో పద్నాలుగు వందల ఏళ్ల ఆయుష్షు దొరికింది. చేర్పులు, చీలికలు ఎన్ని జరిగినా, ఫ్రెంచి విప్లవం నాటికి బిషప్పుల మండలాలు చాలాచోట్ల రోమన్ కాలపు తెగల విభాగాలనే పోలి ఉండేవి. అసలు పాత తెగల హద్దులను పునర్నిర్మించడానికి చరిత్రకారులు వాడే ముఖ్య సాధనం ఆ మండలాల పటాలే. 1790లో విప్లవ ప్రభుత్వం వాటిని పక్కనపెట్టి నదుల పేర్లతో, కొండల పేర్లతో కొత్త జిల్లాలు గీసింది. కార్నూటుల పట్టణం షార్ట్ర్ ఇప్పుడు ఊర్, లువార్ (Loir; పైన చెప్పిన పెద్ద లువార్ నది కాదు) అనే రెండు నదుల పేర్లు కలిపిన జిల్లాకు కేంద్రం. అయినా కొత్త గీత కొన్నిచోట్ల పాత పొలిమేర మీదుగానే పోయింది. లువార్ ఒడ్డున ఆంజే, నాంట్ పట్టణాల నడుమ ఉన్న ఇంగ్రాండ్ ఊరు, పేరుకు తగ్గట్టు, ఒకప్పటి అండెకావి, నమ్నెట్ తెగల నేలల అంచున ఉంది. తరువాత ఆంజూ, బ్రిటనీల హద్దూ, ఆపై రెండు జిల్లాల హద్దూ అక్కడే ఉండేవి. ఇళ్లు కలిసిపోయినా జిల్లా వేరుగా ఉన్న పక్క ఊరు ల ఫ్రెన్‌ను 2016లో ఇంగ్రాండ్‌తో కలిపి ఒకే పురపాలక సంఘం చేసినప్పుడు, ఆ జిల్లా గీత కొద్దిగా పడమటికి జరిగింది.